పేషెంటు తాలూకా ఎవరు?

మంచం మీదున్న మనిషికి తెలివుంది. చెవులు పనిచేస్తున్నాయి. నోరు ఇంకా బాగా పనిచేస్తుంది. పొద్దున్న అనకాపల్లి మార్కెట్ యార్డులో బెల్లం దిమ్మల రంగు గురించి కమీషన్ ఏజెంటుతో గంటసేపు వాదించి, తనకి కావలసిన రేటు రాబట్టుకున్న నోరది. మధ్యాహ్నానికి గుండెల్లో పట్టేసినట్టుందంటే కొడుకు ఆస్పత్రికి తీసుకొచ్చాడు. సిస్టరమ్మ వచ్చి మంచం పక్కన నిలబడి, ఆ పెద్దాయన తల మీదుగా గుమ్మం కేసి చూస్తూ, వార్డంతా దద్దరిల్లేలా అడిగింది: "పేషెంటు తాలూకా ఎవరు?"

అక్కడితో ఆయన మాట చెల్లడం ఆగిపోయింది. నొప్పి ఎప్పణ్ణించో కొడుకు చెప్పాలి. పొద్దున్న ఏం తిన్నాడో కోడలు చెప్పాలి. వయసెంతో ఆధార్ కార్డు చెప్పాలి. "నానేటి తిన్నానో నాను సెప్తానమ్మా" అని ఆయన నోరు తెరిస్తే, "నువ్వు మాట్లాడకు తాతా, పల్స్ చూస్తున్నా" అంటుంది. ఎన్టీ రామారావు గారు 1985లో తాలూకాలు ఎత్తేసి మండలాలు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి ఏకంగా జిల్లా అయి కూర్చుంది. ఆస్పత్రుల్లో మాత్రం నేటికీ తాలూకా పాలనే.

ఏ ఆస్పత్రో పేరు చెప్పను. సర్కారుదా ప్రైవేటుదా అని కూడా అడక్కండి. ఒకచోట ఫ్యాను తిరగదు, రెండోచోట ఏసీ ఆగదు. మంచం మీది మనిషితో మాట్లాడకపోవడంలో రెండిటిదీ ఒకటే సంప్రదాయం.

నర్సుకీ రోగికీ మధ్య సంభాషణ కొరవడిందని పెద్దలు సభలు పెట్టి బాధపడుతుంటారు. వాళ్ళు మా వార్డులకి ఒకసారి రావాలి. మాటలకి కరువెక్కడుంది? "పడుకో. చెయ్యి చాపు. పిడికిలి బిగించు. కదలకు. అటు తిరుగు. లెగు. ఎవరది, మంచం మీద కూచుంది? దిగు." చిన్నయసూరి బతికుంటే విధ్యర్థకానికి ఉదాహరణలు వెతుక్కునే శ్రమ తప్పేది.

ప్రశ్నలూ ఉంటాయి. కడుపు ఆపరేషనైన వాళ్ళని మర్నాడు అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది: గాలి పోయిందా? పేగులు మళ్ళీ కదులుతున్నాయో లేదో దాన్నిబట్టే తెలుస్తుంది. ఇందులో నవ్వుకోడానికేం లేదు. కానీ అది ఎలా అడుగుతారో చూడండి. సిజేరియన్ అయిన కొత్త కోడలు. మంచం చుట్టూ అత్తగారు, ఆడపడుచు, మామగారు, పండ్లు పట్టుకొచ్చిన పెదమామగారు. పక్క మంచం వాళ్ళ చుట్టాలు మరో ఆరుగురు. వార్డు ఆ చివర నుంచి, చేతిలో ట్రేతో, "ఏడో నంబరూ! గ్యాసు పోయిందా?" వార్డు మొత్తం ఆ పిల్ల వైపు తిరిగింది. మామగారు కిటికీలోంచి ఆకాశాన్ని పరిశీలించడం మొదలుపెట్టారు. పిల్ల తల అడ్డంగానో నిలువుగానో ఊపింది. సిస్టరమ్మ "పోయింది" అని రాసుకుంది. దగ్గరికొచ్చి, కర్టెన్ లాగి, చెవిలో "సిగ్గుపడకమ్మా, కింద నుంచి గాలేమైనా వచ్చిందా?" అని అడిగితే అర నిమిషం. కర్టెన్ ఏదంటారా? రాడ్డుంది. కర్టెన్ కోసం ఇండెంట్ పెట్టారు.

ఆపరేషన్‌కి ముందు జరిగే నాటకం ఇంతకంటే రసవత్తరం. "రేపు పొద్దున్న ఆపరేషన్. రాత్రి నుంచి ఏమీ తినకూడదు. అర్థమైందా?" అంది సిస్టరమ్మ. "అర్థమైందమ్మా" అన్నారు అందరూ. నిజంగానే అర్థమైంది, వాళ్ళకి అర్థమైనట్టుగా. మన వైపు తినడమంటే అన్నం తినడం. ఇడ్లీ టిఫినవుతుంది కానీ తిండి కాదు. టీ అసలు లెక్కలోకే రాదు, అది తాగేది. కొబ్బరినీళ్ళు మందుతో సమానం. బిస్కెట్టు చిన్నపిల్లలకి పెట్టేది. కాబట్టి తెల్లవారుజామున నాలుగింటికి అత్తగారు ప్రేమగా "పాపం నీరసంగా ఉంది" అని టీలో రెండు బిస్కెట్లు ముంచి పెట్టింది. మంచం తల దగ్గర "ఎన్‌బీఎం" అని బోర్డు వేలాడుతూనే ఉంది. నోటికి ఏమీ ఇవ్వొద్దని దానర్థం. అది ఏ రాజకీయ పార్టీయో అనుకున్నారు.

పొద్దున్న ఎనిమిదింటికి సంగతి బయటపడింది. "చదువూ సంధ్యా లేని జనం, ఎంత చెప్పినా బుర్రకెక్కదు!" ఎంత చెప్పారని? మత్తు ఇచ్చాక కడుపులో ఉన్నది గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది అని ఒక్క వాక్యం ఎవరైనా చెప్పారా? అది చెప్పుంటే అదే అత్తగారు రాత్రంతా మంచం పక్కన కాపలా కూచునేది, దోమని కూడా ఆ నోటి దగ్గరికి వాలనిచ్చేది కాదు. ఎందుకో చెప్పకుండా వద్దన్నదేదైనా మనవాళ్ళకి ఆచారమే, ఆచారానికెప్పుడూ మినహాయింపులుంటాయి.

ఇక బీపీ. "ఎంతుందమ్మా?" "నార్మలే." "అంటే ఎంతండి?" "డాక్టర్‌గారు చెప్తారు." డాక్టర్‌గారు వస్తారు, వెనకాల ఆరుగురితో, దేవుడి ఊరేగింపులా. మంచానికి నిమిషం. ఇంగ్లీషులో రెండు ముక్కలు. ఊరేగింపు పక్క మంచానికి సాగుతుంది. "ఏటన్నారమ్మా బాబుగారు?" "ఏం లేదు, అవే మందులు." రక్తం ఆయనది, అంకె సిస్టరుది, అర్థం డాక్టరుది. ఆమె నోరు విప్పి చెప్పకపోవడానికి కారణం పొగరనుకుంటే పొరపాటు. ఒకనాడు చెప్పింది. "ఇవన్నీ చెప్పడానికి నువ్వెవరు?" అని పేషెంట్ల ముందే చీవాట్లు తింది. ఆ రోజు నుంచి ఎవరికెంతున్నా నార్మలే.

డిశ్చార్జి రోజు సంభాషణ పతాకస్థాయికి చేరుతుంది. బిల్లు కట్టామా, ఆటో వచ్చిందా అన్న హడావుడిలో చేతిలో నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం పెడతారు. అందులో మందుల ఎదురుగా ఓడీ, బీడీ, టీడీఎస్, హెచ్‌ఎస్. లాటిన్ పొడి అక్షరాలవి. రోమ్ సామ్రాజ్యం కూలి వందల ఏళ్ళయింది, దాని ఆజ్ఞలు మాత్రం మా కశింకోట మామ్మల చేతి సంచుల్లో ఇంకా అమల్లో ఉన్నాయి. పొగాకు మానమని పొద్దున్నే చీవాట్లు తిన్న తాత, సాయంత్రం "ఈ బిళ్ళ బీడీ" అని వింటే ఏమనుకోవాలి? బీడీ అంటే రెండు పూటలని ఆయనకెవరు చెప్పారు? టీడీఎస్ అంటే మూడు పూటలని తెలియక, జీతంలో కోత అనుకుని గవర్నమెంటు ఉద్యోగి కూడా కంగారుపడతాడు.

"అర్థమైందా?" అంటారు చివర్న. ఈ ప్రశ్నకి తెలుగుదేశంలో ఒకే జవాబుంది. అర్థం కాలేదని చెప్తే ఎదుటి వాళ్ళని తప్పుపట్టినట్టు, మనం తెలివితక్కువ వాళ్ళమని ఒప్పుకున్నట్టు. అందుకని వింటూ వింటూనే తలూపేస్తాం. ఇంటికెళ్ళాక ఆ తలూపుడు ఫలితం తెలుస్తుంది. ఉబ్బసానికి ఇచ్చిన రోటాక్యాప్‌ని యంత్రంలో పెట్టి పీల్చాలి. మందుబిళ్ళలా ఉంది కాబట్టి నీళ్ళతో మింగేస్తారు. లీటరు నీళ్ళలో కలపాల్సిన ఓఆర్‌ఎస్ పొట్లం గ్లాసుడు నీళ్ళలో కలిపి పిల్లాడికి పడతారు. ఆరు నెలలు వాడాల్సిన టీబీ మందు, దగ్గు తగ్గింది కదా అని రెండో నెల్లోనే అటకెక్కుతుంది. "ఇంటికెళ్ళి ఇది ఎలా వాడతావో నాకు చేసి చూపించు మామ్మా" అని అడగడానికి కొత్త యంత్రాలేం కొనక్కర్లేదు, టెండర్లు పిలవక్కర్లేదు. బహుశా అందుకే ఎవరికీ తట్టలేదు.

ఆస్పత్రిలో ఎవరూ ఏదీ విడమరిచి చెప్పరని అంటే అన్యాయమవుతుంది. రెండు విషయాలు చెప్తారు. ఒకటి గోడ మీదుంటుంది. సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే 2008 నాటి చట్టం కింద మూడేళ్ళ దాకా జైలు, 50 వేల దాకా జరిమానా అని, దూరం నుంచి కూడా కనపడే అక్షరాల్లో, తేట తెలుగులో. మంచి చట్టమే, ఉండాల్సిందే. డ్యూటీ డాక్టర్ లేని రాత్రి తన్నులు తినేది ఆ సిస్టరమ్మే. కాకపోతే జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రోగుల హక్కుల పత్రం ఒకటి తయారుచేసింది. అందులో మొదటి హక్కు, రోగికి తన జబ్బు సంగతి తనకి తెలిసిన భాషలో తెలుసుకునే హక్కు. దానికి గోడ మీద అంత చోటు దొరికిన ఆస్పత్రి నా కంటపడలేదు. విడమరిచి చెప్పే రెండో విషయం లేబర్ రూము గుమ్మం దగ్గర వినపడుతుంది. బిడ్డని గుడ్డలో చుట్టి తెచ్చిన ఆయమ్మ, మగపిల్లాడైతే ఎంతో ఆడపిల్లైతే ఎంతో చెప్తుంది. పేషెంటు భాషలో, ఎదుటివాళ్ళకి అర్థమయ్యేదాకా, ఓపిగ్గా, మళ్ళీ మళ్ళీ. అడిగిన మొత్తం చేతికందేదాకా అర్థం చేసుకోవడంలో ఇంకా లోపం ఉన్నట్టే లెక్క. సంభాషణ మీద శిక్షణ తరగతులు పెట్టేవాళ్ళు ఆచార్యుల్ని వెతుక్కుంటూ ఎక్కడికో పోతున్నారు.

ఆ గుమ్మం లోపల మాట్లాడే మాటలకి వ్యంగ్యం చాలదు. నొప్పులతో అరుస్తున్న పిల్లని "మొగుడి దగ్గరికెళ్ళినప్పుడు ఏడవలేదే, ఇప్పుడేటి ఏడుపు?" అన్న మాట ఈ దేశంలో ఎన్ని లేబర్ రూముల్లో ఎన్ని భాషల్లో వినపడిందో. ఆ మాట అన్నావిడ కూడా ఒక బిడ్డకి తల్లే అయుంటుంది, ఒకప్పుడు అదే బల్ల మీద అదే మాట పడ్డదే అయుంటుంది. కేంద్రం 2017లో 'లక్ష్య' అని పథకం పెట్టి, పురుటి గదిలో తల్లిని గౌరవంగా చూడాలి, తోడుగా ఒక మనిషిని ఉండనివ్వాలి అంది. మరుసటేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కాన్పు వేళ తల్లితో సరిగ్గా మాట్లాడడం వైద్యంలో భాగమేనని మార్గదర్శకాల్లో రాసింది. తిట్టకూడదని ప్రపంచ సంస్థ చెప్పాల్సి వచ్చింది. పోస్టర్ వచ్చింది. లామినేషన్ కూడా అయింది.

ఇంతదాకా చదివి "నర్సులకి బాగా బుద్ధి చెప్పాడు" అని సంతోషిస్తున్న సూపరింటెండెంట్లు, మేనేజింగ్ డైరెక్టర్లు కాస్త ఆగండి. మీ వంతు ఇప్పుడే వచ్చింది.

జిల్లా స్థాయి ఆస్పత్రిలో మామూలు వార్డుకైతే అయిదుగురు రోగులకి ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ మండలి లెక్క. బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒకరు. ఈ లెక్క ఏ వార్డులోనైనా నర్సులకి చదివి వినిపించండి, చాన్నాళ్ళకి నవ్వుతారు. నలభై మంచాల వార్డుకి రాత్రి ఒక్కతే ఉందనుకుందాం. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిది దాకా 720 నిమిషాలు. మంచానికి 18. అందులోనే సెలైన్లు, సూదులు, బీపీలు, యూరిన్ బ్యాగులు, జ్వరాల చార్టులు, ఆక్సిజన్ అయిపోయిందని కేకలు, అర్ధరాత్రి 108లో దిగిన యాక్సిడెంటు కేసు. ఆపైన రిపోర్టు బుక్కు, మందుల స్టాకు, దుప్పట్ల లెక్క, కంప్యూటర్లో ఎంట్రీ. దుప్పటి పోతే జీతంలోంచి పట్టుకుంటారు. పేషెంటుతో నాలుగు మాటలు మాట్లాడకపోతే ఎవరూ ఏమీ పట్టుకోరు. ఆమె ఏది జాగ్రత్తగా చూసుకుంటుందో మీరే చెప్పండి. అందులోనూ ఆమెది కాంట్రాక్టు ఉద్యోగమైతే రెన్యువల్ భయం ఒకటి అదనం.

నర్సుల ఖాళీలు పూడ్చడం ఖర్చుతో పని. అందుకని నవ్వడం నేర్పిస్తారు. 'సాఫ్ట్ స్కిల్స్' మీద పూటంతా వర్క్‌షాపు. రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్ళాల్సిన వాళ్ళని కూచోబెట్టి, ఆస్పత్రిలో ఒక్క రోగినీ ముట్టుకోని టై కట్టిన పెద్దమనిషి "కళ్ళలోకి చూసి చిరునవ్వు నవ్వండి" అని బోధిస్తాడు. వాళ్ళు కళ్ళు మూసుకుని వింటారు. నిద్రపోతున్నారని అపార్థం చేసుకోకూడదు.

మే 12 వస్తే మరీ ముచ్చట. ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజు. కొవ్వొత్తులు, కేకు, శాలువాలు, "నర్సులు నడిచే దేవతలు" అని ఎమ్మెల్యేగారి ప్రసంగం. నేనూ ఒప్పుకుంటాను. దేవత అన్నాక మాట్లాడదు. మా ఊరి నూకాలమ్మ కొత్త అమావాస్యకి లక్షల మంది మొక్కులు వింటుంది, ఒక్కరికీ బదులు చెప్పదు, ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. దేవతకి జీతం పెంచక్కర్లేదు, వారానికో సెలవివ్వక్కర్లేదు, పక్కన ఇంకో దేవతని నియమించక్కర్లేదు. ఆ నైటింగేల్ తల్లి 1859లో రాసిన చిన్న పుస్తకంలో, రోగి మెడ తిప్పే అవస్థ లేకుండా అతనికి కనపడేలా కూచుని మాట్లాడాలని చెప్పింది. గదిలో రోగికి వినపడీ వినపడకుండా గుసగుసలాడడం క్రూరత్వమంది. ఊరికే "ఏం పర్లేదు, తగ్గిపోతుంది" అనే ఉత్తుత్తి ధైర్యాల్ని ఉతికి ఆరేసింది. కూచుని మాట్లాడమంటే కుర్చీ కావాలి. మా వార్డుల్లో కుర్చీ రిజిస్టర్ రాసుకునే బల్ల దగ్గర ఒకటే ఉంటుంది.

కార్పొరేట్ ఆస్పత్రిలో కుర్చీలకి లోటు లేదు, సోఫాలే ఉంటాయి. అక్కడ మాటలకి వేరే శాఖ. గెస్ట్ రిలేషన్స్ అమ్మాయి "అంకుల్, ఎలా ఉన్నారు, ఇన్సూరెన్స్ అప్రూవల్ వచ్చిందా?" అని తేనెలూరేలా పలకరిస్తుంది. నర్సు కేరళ నుంచో ఒడిశా నుంచో వచ్చి, బాండు రాసిచ్చి, తెలుగులో "నొప్పి ఉందా" దాకా సొంతంగా నేర్చుకుని ఉంటుంది. మిగతా తెలుగు నేర్పించే బాధ్యత యాజమాన్యం రోగులకే వదిలేసింది. చింతపల్లి ఘాట్ దిగి నర్సీపట్నం వచ్చే గిరిజనుల పరిస్థితి ఇంకా సులువు. వాళ్ళలో కువీ మాట్లాడేవాళ్ళకి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్ళకి సర్కారు తెలుగే పరాయి భాష. వాళ్ళ మౌనం చూసి "ఈ ఏజెన్సీ వాళ్ళు చాలా ఓర్పు గలవాళ్ళండీ" అని మెచ్చుకుంటారు.

మన నర్సులకి మాట్లాడడం రాదన్న మాట పచ్చి అబద్ధమని రుజువు చేసే చోటు ఒకటుంది. విదేశాలకి వెళ్ళే నర్సులు రాసే ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష. బ్రిటన్ నర్సింగ్ మండలి దాన్ని గుర్తిస్తుంది. ఫీజు పదివేలల్లో. మాట్లాడే విభాగంలో రెండు చిన్న నాటకాలు, ఒక్కొక్కటి అయిదు నిమిషాలు. ఎదురుగా కూచున్న మనిషి రోగిగా నటిస్తాడు. అభ్యర్థి తన పేరు చెప్పుకుని పలకరించాలి. అతని భయమేమిటో రాబట్టాలి. మధ్యలో అడ్డు తగలకూడదు, తప్పు పట్టినట్టు మాట్లాడకూడదు. చెప్పింది అర్థమైందో లేదో కనుక్కోవాలి. వీటన్నిటికీ మార్కులున్నాయి. మా అనకాపల్లి, చోడవరం పిల్లలు కోచింగ్ తీసుకుని, అప్పు చేసి ఫీజు కట్టి, ఈ పరీక్ష పాసవుతున్నారు. జర్మనీ వెళ్తామనే వాళ్ళకి ప్రభుత్వ సంస్థలే జర్మన్ భాష నేర్పించి విమానం ఎక్కిస్తున్నాయి. బీఎస్సీ నర్సింగ్ కొత్త సిలబస్‌లో మొదటి సెమిస్టర్‌లోనే 'కమ్యూనికేటివ్ ఇంగ్లీష్' పేపరుంది. దాని పక్కన తెలుగు పేపరు కోసం వెతక్కండి.

అంటే మాంచెస్టర్ ముసలమ్మకి మోకాలి ఆపరేషన్ గురించి ఇంగ్లీషులో, జర్మనీ తాతకి జర్మన్‌లో, లేని జబ్బు నటించేవాడికి అయిదు నిమిషాలు గడియారం పెట్టి మరీ నచ్చజెప్పగల అమ్మాయే, మునగపాక మామ్మ దగ్గరకొచ్చేసరికి "చెయ్యి చాపు" దగ్గర ఆగిపోతోంది. నిజమైన రోగికి, సొంత భాషలో, ఆ అయిదు నిమిషాలు ఇచ్చినవాడు ఇక్కడ లేడు.

కాబట్టి నాదొక ప్రతిపాదన. అదే పరీక్ష మన దగ్గరా పెడదాం, పెద్దవాళ్ళకి. సూపరింటెండెంటుగారు, ఆస్పత్రి ఎండీగారు, నర్సుల ఖాళీల ఫైలు మీద సంతకం పెట్టని అధికారిగారు అభ్యర్థులు. నాటకం నలభై మంచాల వార్డులో, రాత్రి రెండింటికి. అభ్యర్థి నర్సు పాత్ర వెయ్యాలి. ఏడో మంచంలో మామ్మకి షుగర్ పడిపోతోంది. పదకొండులో సెలైన్ అయిపోయింది. గుమ్మంలో స్ట్రెచర్ ఉంది. రెండో మంచంలో ఎవరో ఏడుస్తున్నారు. అభ్యర్థి ఇన్సులిన్ సూది ఎలా వేసుకోవాలో పద్నాలుగో మంచం తాతకి అర్థమయ్యేలా, కళ్ళలోకి చూస్తూ, చిరునవ్వుతో చెప్పి, ఆయన చేత తిరిగి చెప్పించాలి. టైము అయిదు నిమిషాలు. ఫీజు లేదు. దరఖాస్తు ఫారాలు తెలుగులోనే అచ్చేయించాం. ఒక్కటీ తిరిగి రాలేదు.